బొమ్మ సైనికుని కడుపులో సీసం

మాదాపూర్‌లో మా చిన్నబ్బాయి నివసించే అపార్ట్‌మెంటు కిటికీ తెర తొలగిస్తే సైబర్ టవర్స్ గుండ్రని భవనం కనిపిస్తుంది. 1998 నవంబరు 22న నాటి ప్రధాని వాజ్‌పేయి ఆ భవనాన్ని ప్రారంభించిన రోజుల్లో ఈ పరిసరాలన్నీ బండరాళ్లు, సీతాఫలం పొదలు. ఇప్పుడు రాత్రి పన్నెండు గంటలకు కూడా దీపాలు ఆరవు. మా వాడు ఆఫీసు పని ముగించుకొని, భోజనం చేసి, మేజాబల్ల ముందు దీపం వెలిగించుకొని కూర్చుంటాడు. కంటికి భూతద్దం, చేతిలో సన్నని కుంచె, ఎదుట ఒక సీసా మూతకు అతికించిన చిన్న సైనికుడు. పాదం నుండి కంటి వరకు ఆ సైనికుని ఎత్తు 28 మిల్లీమీటర్లు, అంటే మన బొటనవేలి తొలి కణుపుకు మించదు. నెపోలియన్ కాలపు ఫ్రెంచి పదాతి దళం. నీలి కోటు, తెల్లని ఛాతీ పట్టీ, ఎర్రని ముంజేతి అంచు. అటువంటి వారిని కొన్ని వందలమందిని తయారుచేసి, సెలవు రోజున మిత్రులతో కలసి బల్లపై యుద్ధభూమిని పరచి, పాచికలు వేసి వాటర్లూ యుద్ధాన్ని మళ్ళీ ఆడతారట.

నలభయ్యేళ్ల వయస్సులో ఈ బొమ్మలాట ఏమిటని మొదట విసుక్కున్నాను. "నాన్నగారూ, ఆఫీసులో రోజంతా చేసిన పని కంటికి కనిపించదు. ఇది కనిపిస్తుంది" అన్నాడు. ఆ మాటకు నావద్ద సమాధానం లేకపోయింది. పైగా అతని నిద్ర మెరుగుపడిందని మా కోడలు చెప్పింది. వైద్యునిగా అంతకంటె నాకు కావలసినది ఏమున్నది?

అయితే ఈ వ్యాసం ఆ వ్యాపకాన్ని మెచ్చుకొనడానికి మాత్రమే వ్రాయటం లేదు. ఈ బొమ్మ సైనికుని రెండున్నర శతాబ్దాల చరిత్రలో ఒక లోహపు కథ దాగి ఉన్నది. ఆ కథ చివరి అధ్యాయం ఈ సంవత్సరం మా ఇంట్లోనే, నా చేతి మీదుగానే జరిగింది. దానిని దాచకుండా చెప్పడం నా ధర్మం.

నెపోలియన్ కాలంలో మన నగరం

హైటెక్ సిటీ స్టేషన్‌లో మెట్రో రైలు ఎక్కి, అమీర్‌పేటలో మారితే మూసారాంబాగ్ చేరుకోవచ్చు. ఆ పేరు వెనుక ఉన్నవాడు ఒక ఫ్రెంచివాడు. మిషెల్ జోకిం మరీ రేమండ్ 1755లో ఫ్రాన్సులో జన్మించి, 1775లో పుదుచ్చేరి చేరి, క్రమంగా రెండవ ఆసఫ్‌జా నిజాం అలీ ఖాన్ కొలువులో సేనాని అయ్యాడు. హిందువులు అతనిని మూసా రాం అని, ముస్లింలు మూసా రహీం అని తమవానిగా పిలుచుకున్నారు. నేటి గన్‌ఫౌండ్రీ ప్రాంతంలోని ఫిరంగుల కార్ఖానా, అనగా తోప్ కా సాంచా, 1786లో అతడు నెలకొల్పినదే. పదివేలకు పైబడిన సిపాయిలకు అతడు యూరపు పద్ధతిలో కవాతు నేర్పాడు. ఫ్రెంచి విప్లవపు మూడు రంగుల జెండా ఆనాడు హైదరాబాద్‌లో ఎగిరింది.

1798 మార్చి 25న రేమండ్ మరణించాడు. అదే సంవత్సరం జూలై మొదట్లో నెపోలియన్ ఈజిప్టులో దిగాడు. అక్కడి నుండి భారతదేశం వైపు చూపు సారించునేమో అన్న భయంతో గవర్నర్ జనరల్ వెల్లస్లీ సెప్టెంబరు 1న నిజాంతో సైన్య సహకార సంధి కుదుర్చుకున్నాడు. అక్టోబరు 22న ఇంగ్లీషు సేనలు ఫ్రెంచి శిబిరాన్ని చుట్టుముట్టగా, వేలాది సిపాయిలు యుద్ధం లేకుండానే ఆయుధాలు దించారు. తుపాకులలోని సీసపు గుండ్లు తుపాకులలోనే ఉండిపోయాయి. మరుసటి ఏడు శ్రీరంగపట్నం మీదికి నడచిన నిజాం సేనకు తోడుగా ఉన్న దళాధిపతి గవర్నర్ జనరల్ తమ్ముడు ఆర్థర్ వెల్లస్లీ. ఆయనే తరువాత డ్యూక్ ఆఫ్ వెల్లింగ్టన్ అయి, 1815 జూన్ 18న వాటర్లూలో నెపోలియన్‌ను ఓడించాడు.

మా వాడు బల్లమీద నిలబెట్టే ఆ యుద్ధానికి మన హైదరాబాద్‌తో ఇంత చుట్టరికం ఉన్నదని అతనికి తెలియదు. సరూర్‌నగర్ వైపు గుట్టపై ఉన్న రేమండ్ సమాధిని ఒక ఆదివారం తీసుకువెళ్లి చూపించాను. నల్లరాతి స్తంభం, ప్రక్కన రోమను పద్ధతి మంటపం. 2001 వానలకు ఆ మంటపం కూలిపోగా తిరిగి నిర్మించారు.

చదరంగం నుండి బొమ్మ సైన్యం వరకు

బల్లపై యుద్ధం ఆడే విద్యకు మూలం మన చతురంగమే. రథ, గజ, తురగ, పదాతి అనే నాలుగు అంగాల ఆట పారశీకం, అరబ్బు దేశాల మీదుగా యూరపు చేరింది. 1780లో జర్మనీలోని బ్రన్స్‌విక్‌లో హెల్విగ్ అనే పండితుడు గడులను పెంచి, కొండలు, నదులు, కోటలు చేర్చి దానిని యుద్ధ విద్యగా మార్చాడు. 1812లో రైస్‌విట్జ్ అనే ప్రష్యా ఉద్యోగి గడులను తొలగించి, నిజమైన నేలను పోలిన బల్లను రాజుకు సమర్పించాడు. ఆయన కుమారుడు 1824లో నియమావళిని మెరుగుపరచగా, ప్రష్యా సైన్యం దానిని శిక్షణకు స్వీకరించింది. నెపోలియన్ చేతిలో 1806లో చిత్తుగా ఓడిన దేశం ఆ ఓటమిని బల్లమీద అధ్యయనం చేసిందన్నమాట.

ఇదే కాలంలో న్యూరెంబర్గ్ నగరపు తగరపు పనివారు పలకరాళ్లపై అచ్చులు చెక్కి, పలుచని బొమ్మ సైనికులను పోతపోయసాగారు. వారిలో హిల్పర్ట్ పేరు ప్రసిద్ధం. నెపోలియన్ యుద్ధాలు వారికి గొప్ప సంత కల్పించాయి. ప్రతి రెజిమెంటుకు ఒక రంగు దుస్తులు, ప్రతి పిల్లవానికి ఒక సైన్యం. 1838లో విలియం సైబోర్న్ అనే ఇంగ్లీషు సైనికాధికారి వాటర్లూ యుద్ధాన్ని 70 వేలకు పైగా లోహపు బొమ్మలతో నిర్మించి లండన్‌లో ప్రదర్శించాడు. 1893లో విలియం బ్రిటన్ సంస్థ లోపల డొల్లగా ఉండే సైనికుని తయారుచేసింది. కరిగిన లోహాన్ని అచ్చులో పోసి, పైపొర గట్టిపడగానే మిగిలినదానిని వెనుకకు ఒంపివేసే పద్ధతి అది. లోహం కలిసివచ్చింది, వెల తగ్గింది, బొమ్మ సామాన్యుల ఇళ్లకు చేరింది. 1913లో రచయిత హెచ్.జి. వెల్స్ ఈ బొమ్మలతో ఇంటి నేలపై ఆడే యుద్ధానికి నియమాలు కూర్చి ఒక పుస్తకం ప్రచురించాడు. నిజమైన యుద్ధం కంటె ఈ చిన్న యుద్ధమే మేలన్నది ఆయన వాదన. మరుసటి ఏడే ప్రపంచయుద్ధం వచ్చింది.

మన సాలార్‌జంగ్ మ్యూజియంలో పిల్లల విభాగానికి వెళ్లినవారు అక్కడి బొమ్మ సైనికులను చూచి ఉంటారు. ఆ అద్దాల వెనుక ఉన్నంతవరకు వారు నిరపాయులు.

ఆ లోహం ఏది?

తగరం 232 డిగ్రీల సెల్సియస్ వద్ద, సీసం 327 డిగ్రీల వద్ద కరుగుతాయి. రెండింటినీ తగిన పాళ్లలో కలిపితే 183 డిగ్రీలకే కరుగుతుంది. వంటింటి పొయ్యి చాలు. తగరం ఖరీదైనది, సీసం చౌక. కనుక వ్యాపారం పెరిగేకొద్దీ బొమ్మలో సీసం పాలు పెరిగింది. మన ఇత్తడి పాత్రలకు కళాయి పూసేటప్పుడు తగరంలో సీసం కలిపి మోసగించే పద్ధతి మీలో పెద్దలకు తెలిసినదే. ఇదీ ఆ తర్కమే.

లోహం సంగతి అటుంచి రంగుల సంగతి చూడండి. ఆనాటి రంగుల పెట్టెలో తెలుపు అంటే సఫేదా, అది సీసపు లవణం. నారింజ ఎరుపు అంటే సిందూరం. మన ఆంజనేయస్వామికి పూసే సిందూరం సంప్రదాయంగా సీసపు భస్మమే. ముదురు ఎరుపు అంటే ఇంగిలీకం, అందులో పాదరసం. పసుపు అంటే హరితాళం, ఆకుపచ్చ అంటే 1775లో షీలే అనే రసాయన శాస్త్రవేత్త కనుగొన్న రంగు. ఈ రెండింటిలోనూ పాషాణం, అనగా ఆర్సెనిక్.

ఈ ఆకుపచ్చ రంగు నెపోలియన్ మరణ వివాదంలోనికి కూడా ప్రవేశించింది. 1821 మే 5న సెంట్ హెలీనా దీవిలో ఆయన మరణించాడు. శవపరీక్షలో జీర్ణకోశపు వ్యాధి బయటపడింది. 1960లలో ఆయన వెంట్రుకలలో ఆర్సెనిక్ కనిపించిందని తేలడంతో విషప్రయోగమనే వాదం లేచింది. ఆయన నివసించిన ఇంటి గోడ కాగితపు ముక్కలో కూడా ఆ రంగు ఉన్నట్లు 1980లలో బయటపడింది. అయితే 2008లో ఇటలీ శాస్త్రవేత్తలు ఆయన బాల్యం నాటి వెంట్రుకలను, భార్య జోసెఫిన్ వెంట్రుకలను పరీక్షించగా వాటిలోనూ ఆర్సెనిక్ అదే విధంగా అధికంగా కనిపించింది. అనగా ఎవరో ఆయనకు విషం పెట్టనక్కరలేదు. ఆ కాలపు గోడలు, రంగులు, మందులు అందరికీ కొద్దికొద్దిగా పెడుతూనే ఉన్నాయి.

కుంచె మొనపై పెదవి

ఈ బొమ్మలకు రంగులు వేసినవారు ఎవరు? న్యూరెంబర్గ్ పరిసరాలలో ఆ పని ఎక్కువగా ఇళ్లలో, స్త్రీల చేత, పిల్లల చేత, లెక్కకు ఇంత అనే కూలిపై జరిగింది. భోజనం చేసే బల్లమీదనే రంగులు కలిపేవారు. సన్నని గీత రావాలంటే కుంచె మొనను పెదవులతో తీర్చడం చిత్రకారులకు పాత అలవాటు.

ఆ అలవాటు ఎంత దూరం తీసుకుపోగలదో అమెరికాలోని న్యూజెర్సీ యువతులు లోకానికి చూపారు. 1917 నుండి అక్కడి కార్ఖానాలో గడియారపు అంకెలకు రేడియం కలిపిన మెరిసే రంగు వేసేవారు. మొన సూదిగా ఉంచుకొనడానికి కుంచెను పెదవులతో తీర్చవలసిందిగా వారికి నేర్పారు. కొద్ది సంవత్సరాలకే దవడ ఎముకలు కుళ్లిపోయాయి, రక్తం క్షీణించింది, అనేకులు మరణించారు. ఐదుగురు యువతులు వేసిన దావా 1928లో పరిహారంతో ముగిసింది. ఉద్యోగుల ఆరోగ్య రక్షణ చరిత్రలో అది ఒక మైలురాయి.

సీసం అంత వేగంగా చంపదు. అందుకే అది మరింత మోసకారి. శరీరం దానిని కాల్షియంగా భ్రమించి ఎముకలలో దాచుకుంటుంది, దశాబ్దాల తరబడి. రక్తంలో హిమోగ్లోబిన్ తయారీకి అడ్డుపడుతుంది. కడుపునొప్పి, మలబద్ధకం, పాలిపోవడం, చిరాకు, చదువులో వెనుకబాటు, వీటిలో ఏ ఒక్కటీ సీసమనే పేరు చెప్పదు. పెద్దలతో పోలిస్తే పసిపిల్లల ప్రేగులు మింగిన సీసాన్ని నాలుగైదు రెట్లు అధికంగా పీల్చుకుంటాయి. ఇనుము, కాల్షియం లోపించిన బిడ్డలలో అది ఇంకా ఎక్కువ. రక్తహీనత ఇంత విస్తారంగా ఉన్న మన దేశంలో ఈ మాటను ఆలోచించండి. ప్రపంచంలో 80 కోట్ల మంది పిల్లల రక్తంలో సీసం డెసిలీటరుకు 5 మైక్రోగ్రాములు లేక అంతకు మించి ఉన్నదని, అందులో 27 కోట్లకు పైగా మన దేశపు పిల్లలేనని 2020లో యూనిసెఫ్ అంచనా వేసింది. ఇందులో బొమ్మల పాలు స్వల్పమే. పాత బ్యాటరీలు కరిగించడం, కల్తీ మసాలాలు, పాత్రలు, రంగులు ముఖ్య కారణాలు.

ఈ జ్ఞానం కొత్తది కాదు. ఆస్ట్రేలియాలోని బ్రిస్బేన్‌లో గిబ్సన్ అనే వైద్యుడు పిల్లల సీసపు వ్యాధికి వరండా కమ్మీల రంగే కారణమని 1904లోనే నిరూపించాడు. 1921లో జెనీవాలో అంతర్జాతీయ కార్మిక సంస్థ ఇళ్ల లోపలి రంగులలో సఫేదాను నియంత్రిస్తూ ఒప్పందం తెచ్చింది. బ్రిటన్ సంస్థ సీసపు సైనికుల తయారీని 1966లో మానింది. అమెరికా 1978లో ఇంటి రంగులలో, బొమ్మల రంగులలో సీసాన్ని నిషేధించింది. యుద్ధక్రీడల బొమ్మల తయారీదారులు 1990లలో సీసం లేని తగరపు మిశ్రమానికి, ఆపైన ప్లాస్టిక్‌కు మారారు. మన దేశంలో ఇంటి రంగులలో సీసం పది లక్షల పాళ్లలో 90 పాళ్లకు మించరాదన్న నియమం 2016లో వచ్చి, 2017 నవంబరు నుండి అమలైంది. 2021 జనవరి 1 నుండి బొమ్మలకు ఐ.ఎస్.ఐ. ముద్ర తప్పనిసరి అయింది. గిబ్సన్ చెప్పిన నాటి నుండి మన చట్టం వరకు నూట పన్నెండు సంవత్సరాలు.

మా ఇంటి అధ్యాయం

నాకు ఏడెనిమిదేళ్ల వయస్సులో మా నాన్నగారు జుమ్మేరాత్ బజారులో ఒక పాత బొమ్మ సైనికుని కొనిపెట్టారు. ఎర్రకోటు, నల్లని ఎత్తైన టోపీ, భుజాన తుపాకి. ఆయన గుర్తుగా దానిని డెబ్బయ్యేళ్లుగా చెక్క బీరువా సొరుగులో దాచుకున్నాను. మొన్నటి సంక్రాంతికి మా కోడలు బొమ్మల కొలువు పెట్టింది. కొండపల్లి దశావతారాల ప్రక్కన, మా వాడు రంగులద్దిన ఫ్రెంచి దళానికి ఎదురుగా నా సైనికుని నేనే స్వయంగా నిలబెట్టాను. తెల్లని బూజు వంటిది పట్టి ఉంటే పంచె కొంగుతో తుడిచాను.

కొలువు ఎత్తిన తరువాత రెండేళ్ల మా మనవరాలు ఆ సైనికుని వదలలేదు. తాతయ్య బొమ్మ అని ప్రక్కలో పెట్టుకొని పడుకొనేది. నేను మురిసిపోయాను. మూడు వారాలు గడచిన తరువాత ఒక మధ్యాహ్నం ఆమె ఆ బొమ్మ తలను చప్పరిస్తూ ఉండగా చూచాను. టోపీ మీద రంగు లేదు. బూడిదరంగు లోహం మెరుస్తున్నది.

ముప్పై సంవత్సరాలకు పైగా ప్రభుత్వ ఆసుపత్రులలో తల్లులకు సీసం గురించి చెప్పినవాడిని. నేను కొంగుతో తుడిచిన ఆ తెల్లని బూజు ఏమిటో నాకు తెలియక కాదు. చెక్క బీరువాలలో ఊరే పులుపు ఆవిరి సీసాన్ని తిని, దానిని తెల్లని పొడిగా మారుస్తుంది. పూర్వకాలం సఫేదా తయారుచేసినది కూడా సీసపు రేకులను వినెగరు ఆవిరిలో ఉంచియే. నా సొరుగులో డెబ్బయ్యేళ్లుగా సాగినది అదే పని. తెలిసినా నాకు తట్టలేదు. అది విషపు లోహంగా కాక మా నాన్నగారి ప్రేమగా కనిపించింది.

"మామయ్యగారూ, మీరిచ్చిన బొమ్మే కదా అని..." అని మా కోడలు ఆగిపోయింది. ఆ ఆగిపోయిన మాట నాకు ఇంకా వినిపిస్తూనే ఉన్నది.

మరునాడే రక్తపరీక్ష చేయించాము. డెసిలీటరుకు 6 మైక్రోగ్రాములు వచ్చింది. సురక్షితమైన మోతాదు అంటూ ఏదీ లేదని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతుంది. 5 దాటితే మూలాన్ని కనుగొని తొలగించాలి. మూలం మా చేతిలోనే ఉన్నది. మందులేవీ అక్కరలేకపోయింది. బొమ్మను తొలగించాము, ఇల్లంతా తడిగుడ్డతో తుడిచాము. ఆమెకు ఇనుము కూడా తక్కువగా ఉన్నందున పిల్లల వైద్యుని సలహాపై సిరప్ ఇచ్చాము. మూడు నెలల తరువాత 3కు దిగింది. ఆ మూడు నెలలు నేను ఎలా నిద్రపోయానో అడగకండి.

పాఠకులకు నాలుగు మాటలు

1. మీ ఇంట్లో పాత లోహపు బొమ్మలు, పాత రంగుల చెక్క బొమ్మలు ఉంటే అవి కొలువులో ఉండవచ్చు, పిల్లల చేతిలో ఉండరాదు. తెల్లని పొడి కనిపిస్తే పొడిగుడ్డతో దులపకండి. చేతి తొడుగులు వేసుకొని, తడిగుడ్డతో తుడిచి, ఆ గుడ్డను పారవేయండి.

2. బొమ్మలకు రంగులు వేసే వ్యాపకం ఉన్నవారు కుంచెను ఎన్నడూ నోటితో తీర్చవద్దు. నేటి నీటి రంగులు చాలావరకు సురక్షితమే అయినా, కొన్నింటిలో కాడ్మియం వంటి లోహాలు ఉంటాయి. తడి స్పాంజితో మొన చక్కగా వస్తుంది. లోహాన్ని అరగదీసినా, స్ప్రే రంగు చల్లినా కిటికీ తెరచి మాస్కు ధరించండి. భోజనపు బల్లమీద ఈ పని వద్దు.

3. పగలంతా కంప్యూటర్ చూచిన కంటికి రాత్రి భూతద్దం మరింత శ్రమ. ఇరవై నిమిషాలకొకసారి ఇరవై అడుగుల దూరాన్ని ఇరవై క్షణాలు చూడండి. నలభై దాటినవారు కంటి వైద్యుని కలసి దగ్గరి చూపు అద్దాలు సరిచూసుకోండి.

4. పసిబిడ్డ ఏదైనా పాత రంగును, లోహాన్ని నోట పెట్టుకున్నదని అనుమానం వస్తే సిగ్గుపడక వైద్యుని వద్ద సీసపు రక్తపరీక్ష అడగండి. పరీక్ష చేయించుకొనడానికి లక్షణాల కోసం ఎదురుచూడవద్దు.

మా నాన్నగారి సైనికుడు ఇప్పుడు మూత బిగించిన గాజు సీసాలో, అందని ఎత్తులో ఉన్నాడు. మా వాడు రేమండ్ సిపాయిలు ఎటువంటి దుస్తులు ధరించేవారో పుస్తకాలలో వెదకుతున్నాడు. వచ్చే సంక్రాంతి కొలువులో మూసా రాం దళం ఉంటుందట, ప్లాస్టిక్‌తో. మనవరాలికి మాత్రం కోడలు రంగు వేయని చెక్క గుర్రం కొన్నది. దాని చెవిని ఆమె ఇప్పటికే సగం కొరికేసింది. ఈసారి నేను పక్కనే కూర్చొని హాయిగా చూస్తున్నాను.